అబ్బులుకి వెళ్ళిన కార్డులు

పెందుర్తి,
6 మార్చి 2005

చిరంజీవి సాయిశంకర్‌కి,

నువ్వు కిరండుల్ చేరగానే రెండు ముక్కలు రాస్తానన్నావు. గనిలో ఉద్యోగం చేసేవాడికి పోస్టాఫీసు కనపడదు కాబోలు. నా సర్వీసంతా మీ కొండల్లో తవ్వి రైలెక్కించిన ఇనపరాయిని ఇక్కడ పోర్టులో లెక్క రాసి ఓడెక్కించాను. రాయి టంచనుగా వచ్చేది. బావమరిది ఉత్తరమే రావడం లేదు.

నువ్వు పెట్టి వెళ్ళిన కంప్యూటరు బాగానే నడుస్తోంది. పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ వేశావని తెలిసి, ఊరికే వచ్చింది ఊరికే పోతుందనుకున్నాను. ఎదురింటి వాళ్ళ కంప్యూటరుకి వారానికోసారి వైరస్ జ్వరం వస్తోంది. తెర మీద బొమ్మగా కూర్చునే మన పెంగ్విన్ పిట్టకి ఇంతవరకూ జలుబైనా చెయ్యలేదు. నేను పొద్దున స్నానం చేసి మిషను ఆన్ చేస్తాను. ఏడు కొట్టేసరికి, ఆ రోజు ఎవరికి కార్డు వెళ్ళాలో అదే చూసుకుని అచ్చువేస్తుంది. మీ అక్క మొదటి రోజు "ఎవులూ ముట్టకుండా అదెలాగ రాసీస్తందయ్యా?" అని పసుపునీళ్ళు చల్లబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. అచ్చయిన కార్డులు ఆవిడే రైతుబజారుకి వెళ్తూ డబ్బాలో వేస్తుంది.

నీకు కృతజ్ఞత చెప్పాలి. మా విశ్రాంత ఉద్యోగుల సంఘం పుట్టినప్పట్నుంచీ ప్రతి సభ్యుడి పుట్టినరోజుకీ కార్యదర్శి చేత్తో రాసిన కార్డు వెళ్ళడం ఆచారం. చెయ్యి వణకడం మొదలయ్యాక ఇక నా పని అయిపోయిందనుకున్నాను. నువ్వేమో నా చెయ్యి బాగున్న రోజుల్లో రాసిన హాజరు పుస్తకాలు ద్వారకా నగర్‌లోని స్కానింగు కొట్టుకి పట్టుకెళ్ళి, ప్రతి పేరూ స్కాన్ చేయించి, నా పాత అక్షరాన్నే మళ్ళీ కార్డు మీదికి దింపావు. నీలం సిరాతో అచ్చు నేను రాసినట్టే ఉంటుంది.

చిక్కు కూడా అక్కడే ఉంది. మొన్న సమావేశంలో అబ్బులు నా చెయ్యి పట్టుకుని, "ఏటి గురునాథం, సెయ్యి వణుకుతందన్నావు. అచ్చరాలు ముత్తేల్లాగున్నాయి కదేటి!" అన్నాడు. వాడు ఓడల్లోకి సరుకెత్తే వించి డ్రైవరుగా, నేను గుమస్తాగా ఒకే రోజు పోర్టులో చేరాం. వాడికి నిజం చెబితే నవ్వేవాడు, అంతే. "మందులు వాడుతన్నాను" అన్నాను. ఆ మాట ఇంకా గొంతులో ముల్లులా ఉంది.

ఇంకోటి. నువ్వు సెలవులో ఉండగా నేను జాబితా మొత్తం చెరిపేసిన రోజు గుర్తుందిగా. నువ్వు పక్కనుండబట్టి సరిపోయింది. రేపు మళ్ళీ నా వేలు ఏ మీట మీద పడుతుందో! జూలై ఒకటి వస్తే అసలే జాతర. బళ్ళో వేసినప్పుడు పుట్టినరోజు తోచినట్టు రాసేసిన పంతుళ్ళ పుణ్యమా అని మా సంఘంలో సగంమంది జూలై ఒకటినే పుట్టారు. ధైర్యం చెప్పి జవాబు రాయి.

నీ బావ,
గురునాథరావు

*

కిరండుల్,
20 మార్చి 2005

బావగారికి,

ఉత్తరం ఆలస్యమైనందుకు ముందే చెంపలు వేసుకుంటున్నాను. పక్కన అక్క ఉంటే రెండు మొట్టికాయలు కూడా వేయమనండి.

మిషనులో 'క్రాన్' అని ఒకడున్నాడు. వాడి పని గడియారం చూస్తూ కూర్చోవడం. ఏ వేళకి ఏం చెయ్యాలో ఒక్కసారి రాసి పెడితే మళ్ళీ గుర్తు చెయ్యక్కర్లేదు. అలగడు, సెలవడగడు, టీకి లేవడు. మీ పోర్టులో ఇలాంటివాడు ఒక్కడుంటే యూనియను ఊరుకునేది కాదు.

కొత్త సభ్యుడు చేరితే జాబితాలో అడుగున ఒక లైను కలపండి. తర్వాత పైన 'సేవ్' నొక్కండి. అంతే. జాబితా పోతుందన్న బెంగ ఇక వద్దు. దానికి నేను వచ్చే ముందే చిన్న ఏర్పాటు చేశాను. అది నా పని, మీరు దాని జోలికి వెళ్ళనక్కర్లేదు.

అబ్బులు గారితో మీరు చెప్పింది అంత పాపమేం కాదు. అక్షరం మీదే కదా, మిషనుది కాదు కదా.

జాబితాలో మొదటి పేరు నాది. సంఘం సభ్యుణ్ణి కాను గానీ, కార్డు సరిగ్గా వస్తోందో లేదో చూడ్డానికి వేసుకున్నాను. నేను పాలిటెక్నిక్ హాస్టల్లో ఉన్నప్పుడు మీరు ఫీజు పంపుతూ రాసిన కవరు ఒకటి దాచుకున్నాను. దాని మీది పేరే స్కాన్ చేశాను. నవంబరులో నాకూ ఒక కార్డు వస్తుందన్న ఆశతో అలాగే ఉంచేశాను.

మీ
సాయిశంకర్

*

పెందుర్తి,
3 జూలై 2005

శంకరం,

అబ్బులు పోయాడు. పోయిన నెల మూడో వారంలో, మల్కాపురంలో తన ఇంటి అరుగు మీద చుట్ట కాలుస్తూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. పాడె నేనూ ఒక కొమ్ము మోశాను. వణికే చెయ్యి వద్దన్నారు. వినలేదు.

ఇంటికొచ్చిన సాయంత్రమే మిషను ముందు కూర్చుని జాబితాలో వాడి లైను చెరిపాను. చెరుపుతుంటే కళ్ళు మసకబారి ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. లేదు. పేరు పోయింది. మిషను ఆపేసి పడుకున్నాను.

పన్నెండో రోజు భోజనాలు జూలై ఒకటిన పడ్డాయి. వాకిట్లో పందిరి కింద మా సంఘం వాళ్ళమంతా వరసగా కూర్చున్నాం. పప్పు వడ్డిస్తున్నారు. పోస్టుమాన్ వచ్చి అబ్బులు కొడుకు సన్యాసిరాజు చేతికి ఒక కార్డిచ్చాడు. ఆ అబ్బాయి ఏదో పరామర్శ అనుకుని పైకి చదివాడు. "అబ్బులు గారికి జన్మదిన శుభాకాంక్షలు. నిండు నూరేళ్ళు ఆరోగ్యంగా వర్ధిల్లాలి. మీ గురునాథరావు."

శంకరం, విస్తరి ముందు నుంచి లేవడానికీ లేదు, కూర్చోవడానికీ లేదు. అబ్బులు ఇల్లాలు చిట్టెమ్మ లోపల్నుంచి వచ్చింది. అరిచినా బాగుండేది. మెల్లగా అడిగింది. "ఏటి గురునాథం బాబూ, మొన్న పాడె మోసినావు కదా. ఆ సేత్తోనే నూరేళ్ళు బతకమని రాసినావా?"

మిషను రాసిందని చెప్పొచ్చు. కానీ చుట్టూ ఉన్నవాళ్ళంతా నేను చేత్తో రాస్తున్నానని నమ్మిన వాళ్ళే. "ముందే రాసి పెట్టుకున్నది పొరపాటున పోస్టులో పడిపోయింది చిట్టెమ్మా" అన్నాను. ఒక అబద్ధాన్ని కాయడానికి ఇంకో అబద్ధం. ఇకమీదట ఇలాంటిది ఈ గుమ్మంలోకి రాదని సింహాద్రప్పన్న మీద ఒట్టేశాను.

ఇంటికొచ్చి మిషను తెరిస్తే జాబితాలో అబ్బులు పేరు ఉంది. పడుకునే ముందు లేని పేరు మళ్ళీ ఎలా వచ్చింది? జూలై ఒకటి కార్డుల కట్ట పెద్దది కదా, మీ అక్క పేర్లు చూడకుండా డబ్బాలో వేసింది. ఆవిణ్ణి అనడానికి లేదు. మళ్ళీ చెరిపాను. నిజం చెప్పు, మిషను తప్పు చేస్తుందా?

గురునాథరావు

*

కిరండుల్,
12 జూలై 2005

బావగారికి,

అబ్బులు గారి సంగతి విని బాధపడ్డాను. నేను వచ్చినప్పుడల్లా "మా ఇనపరాయి బావమరిదొచ్చినాడు" అని నవ్వేవారు.

ఇక్కడ కొత్త యంత్రాలు దిగుతున్నాయి, ఊపిరాడని పని. అందుకని సూటిగా రాస్తున్నాను. మిషను తప్పు చెయ్యదు బావా. చెప్పింది చేస్తుంది, చెప్పనిది చెయ్యదు. మీరు లైను చెరిపారు సరే, తర్వాత 'సేవ్' నొక్కారా? నొక్కకుండా ఆపేస్తే చెరిపింది చెరిపినట్టుండదు. ఆ రోజు మీరున్న స్థితిలో మరిచిపోయి ఉంటారు. చత్వారం కళ్ళకొచ్చిందా, బుర్రకొచ్చిందా అని అక్క మిమ్మల్ని ఆటపట్టించకుండా చూసుకోండి!

ఈసారి సేవ్ చేశాక జాబితా మూసి, మళ్ళీ తెరిచి చూసుకోండి. తెర మీద లేని పేరు కార్డు మీదికి రాదు. కట్టలు విప్పి ఒక్కో కార్డూ చూసుకునేటట్టయితే ఇక మిషనెందుకు?

మీ
సాయిశంకర్

*

పెందుర్తి,
20 ఆగస్టు 2005

శంకరం,

ఈ ఉత్తరం మీ అక్కకి తెలియకుండా రాస్తున్నాను. నువ్వూ ఆవిడకి రాయకు.

జెండా పండగ సమావేశానికి సభ్యులందరికీ కార్డులు వెళ్ళాయి. అబ్బులుకీ వెళ్ళింది. "మీరు లేని సభ వెలితిగా ఉంటుంది, తప్పక దయచేయగలరు" అని.

అవి అచ్చయ్యే ముందు రోజు నువ్వు చెప్పినట్టే చేశాను. సేవ్ నొక్కాను. మూసి తెరిచి చూశాను. పేరు లేదు. లేదని నేను దేవుడి గదిలో నిలబడి చెప్పగలను. అయినా నా మీద నాకే నమ్మకం పోయింది. కార్డు వెళ్ళిందని తెలిశాక తెరిస్తే పేరు దర్జాగా అక్కడే కూర్చుని ఉంది.

ఈసారి చిట్టెమ్మ రాలేదు. సన్యాసిరాజు వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. కార్డు నా చేతిలో పెట్టి, "అమ్మ ఇచ్చీమంది బాబూ. ఇంక మా ఇంటికి ఏటీ పంపొద్దని సెప్పమంది" అన్నాడు. చిన్నప్పుడు నా సైకిలు ముందు కడ్డీ మీద ఎక్కించుకుని తిప్పిన పిల్లాడు. అప్పన్న మీద వేసిన ఒట్టు రెండు నెలలు తిరక్కుండానే గంగలో కలిసింది.

నీకొక సంగతి చెప్పాలి. మా నాన్న చివరి రోజుల్లో చనిపోయిన వాళ్ళ అన్నకి కంచం పెట్టమనేవాడు. పెట్టకపోతే కోప్పడేవాడు. "ఆయన లేడు నాన్నా" అంటే "ఇప్పుడే కదరా సూసినాను" అనేవాడు. అప్పుడు మేం చాటుకి వెళ్ళి నవ్వుకునేవాళ్ళం. ఆయన పోయిన అన్నకి కంచం పెట్టించాడు, నేను పోయిన స్నేహితుడికి కార్డులు పంపుతున్నాను. మిషను చెప్పింది చేస్తుంది, చెప్పనిది చెయ్యదన్నావు. అయితే చెప్పింది నేనే అయి ఉండాలి. ఎప్పుడు చెప్పానో గుర్తు లేదు.

నీ జవాబు కోసం చూస్తుంటాను.

గురునాథరావు

*

కిరండుల్,
29 ఆగస్టు 2005

బావగారికి,

మీరు అనవసరంగా ఏవేవో ఊహించుకోకండి. మీ నాన్నగారి సంగతి వేరు, ఇది వేరు. మిషనులో చిన్న సర్దుబాటు చెయ్యాల్సి ఉన్నట్టుంది.

ఈ ఉత్తరంతో పెట్టిన చీటీ మీద ఒకే ఒక్క లైను ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దగా రాశాను. మిషను ఆన్ చేసి, తెర మీద ఆజ్ఞలు కొట్టే నల్ల కిటికీ తెరిచి, అది ఉన్నది ఉన్నట్టు కొట్టి ఎంటర్ నొక్కండి. ఖాళీ వదిలిన చోట ఖాళీ వదలండి. మిషను మాట్లాడకపోతే పని అయినట్టు. తర్వాత అబ్బులు గారి పేరు చెరిపి, సేవ్ చేసి, మిషను ఆపి, మళ్ళీ ఆన్ చేసి చూడండి. ఇక రాదు.

పనుల ఒత్తిడిలో ఉన్నాను. మిగతా సంగతులు తర్వాత.

మీ
సాయిశంకర్

*

పెందుర్తి,
14 సెప్టెంబరు 2005

చిరంజీవి సాయిశంకర్‌కి,

నువ్వు రాసిన లైను కొట్టాను. మిషను మాట్లాడలేదు. పేరు చెరిపాను. రోజూ పొద్దున్నా సాయంత్రం తెరిచి చూస్తున్నాను. రాలేదు. నీ చేతిలో ఏదో మహిమ ఉంది.

అయినా కార్యదర్శి పని వదులుకున్నాను. పోయిన ఆదివారం సంఘం ముద్ర శ్రీరామ్మూర్తి చేతిలో పెట్టేశాను. "ఏటయిందండీ, మీరు కాకపోతే ఎవులు సేత్తారు?" అని అందరూ అడిగారు. వయసైందన్నాను. చిట్టెమ్మ ఇంట్లో జరిగింది వాళ్ళకి తెలుసు కాబట్టి ఎవరూ గట్టిగా పట్టుబట్టలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మీ అక్కకి చెప్పక తప్పలేదు. ఆవిడ మర్నాడే నన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు నా మనవరాలి వయసు పిల్ల. ఇవాళ ఏ వారం, ఇది ఏ ఊరు, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత అని అడిగింది. ఎన్నో ఓడల సరుకు నోటి లెక్కతో తేల్చినవాణ్ణి, ఆ పిల్ల ముందు చెమట పట్టి తొంభై నాలుగన్నాను. "భయపడి తప్పు చెప్పారు తాతగారూ" అంది. మీ అక్క మాత్రం ఆ తొంభై నాలుగునే పట్టుకుంది. ఇప్పుడు వంటింట్లో ఉప్పు డబ్బా మీద ఉప్పు అని, పంచదార మీద పంచదార అని కాగితాలు అంటించింది. నన్ను ఒంటరిగా బస్సెక్కనివ్వడం లేదు. నేను కునుకు తీస్తే వచ్చి చూసి వెళ్తోంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి.

నీ మీద మాకెవరికీ ఏం లేదు. మిషను నాకంటే నయమని తేలింది. నువ్వు వచ్చే సెలవులకి వచ్చి దాన్ని శ్రీరామ్మూర్తి ఇంట్లో పెట్టి, అతనికి నేర్పించు. నేను నేర్పితే తప్పులు నేర్పుతానేమో.

నీ బావ,
గురునాథరావు

*

కిరండుల్,
22 సెప్టెంబరు 2005

బావా,

ఈ ఉత్తరం మీరు అక్క పక్కన కూర్చుని, ఆవిడకి పైకి చదివి వినిపించండి. ముందు ఒక్క మాట. మీ బుర్రకి ఏమీ కాలేదు. తప్పంతా నాది.

ఫిబ్రవరిలో మీరు జాబితా చెరిపేశాక సరిగ్గా అన్నం తినలేదు. అక్క నన్ను పెరట్లోకి పిలిచి, "ఒరే, ఇంకోపాలి ఇలాగయితే మీ బావ బతకడు. ఏదో ఒకటి సెయ్. ఆయనకి సెప్పకు, సిన్నబుచ్చుకుంటాడు" అంది. అందుకని ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. అది మీ జాబితాకి ఇంకో నకలు చాటుగా దాస్తుంది. మిషను ఆన్ చేసిన ప్రతిసారీ రెండూ పోల్చి చూస్తుంది. మీరు కొత్త పేరు కలిపితే నకల్లోనూ కలుపుతుంది. మీ జాబితాలో ఏ పేరైనా కనపడకపోతే, అయ్యో బావగారి వేలు పొరపాటున తగిలిందనుకుని, తిరిగి పెట్టేస్తుంది.

మీరు తప్పుగా చెరపడం గురించే ఆలోచించాను. చెరపాల్సి వచ్చి చెరుపుతారని నాకు తోచలేదు. అందరి వయసూ అరవై దాటిన సంఘానికి జాబితా రాస్తూ, అందులో ఎవరైనా పోతారన్న ఆలోచనే నాకు రాలేదు.

మీరు ప్రతిసారీ చెరిపారు. ప్రతిసారీ సేవ్ చేశారు. మీరు ఆపి పడుకున్నాక, మర్నాడు ఆన్ చెయ్యగానే నేను రాసింది అబ్బులు గారిని మళ్ళీ తెచ్చి కూర్చోబెట్టింది. జూలైలోనే "పడుకునే ముందు లేని పేరు" అని రాశారు. ఆ ముక్క సరిగ్గా చదివి ఉంటే అప్పుడే అర్థమయ్యేది. సగం చదివి, నేను రాసిన మిషను తప్పు చెయ్యదని, చత్వారం బుర్రకొచ్చిందేమోనని వెటకారం చేశాను. కార్డులు చూసుకోవద్దని కూడా నేనే చెప్పాను.

ఇంకా పెద్ద తప్పు తర్వాతది. ఆగస్టులో మీ ఉత్తరం చదవగానే నాకు తెలిసిపోయింది. తెలిసీ దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. చీటీ మీద రాసిన లైను ఆ ప్రోగ్రాంని ఆపేసేది. చప్పుడు చెయ్యకుండా సర్దేస్తే మీకు తెలియకుండా పోతుంది, నా పరువు దక్కుతుంది అనుకున్నాను. మీ నాన్నగారి కంచం సంగతి రాసినవారికి "చిన్న సర్దుబాటు" అని జవాబిచ్చాను. మీరేమో ముద్ర ఇచ్చేశారు, ఆసుపత్రికి వెళ్ళారు. ఉప్పు డబ్బా మీద కాగితం అన్నచోట నేను ఉత్తరం మడిచేశాను. మళ్ళీ విప్పడానికి రెండు రోజులు పట్టింది.

నాకు చదువు చెప్పించింది మీరు. ఆ చదువుతో నేను చేసింది ఇది.

శ్రీరామ్మూర్తి గారికి, చిట్టెమ్మ గారికి నేనే ఉత్తరాలు రాస్తాను, మీరు అనుమతిస్తే. మీరు తిట్టండి. తిట్టకుండా మాత్రం ఉండకండి.

సాయిశంకర్

*

కిరండుల్,
12 నవంబరు 2005

బావా,

అక్టోబరంతా మీ ఉత్తరం కోసం చూశాను. దీపావళికి అక్కకి ఫోన్ చేస్తే "ఆయన సేన్లో ఉన్నారు" అంది. పెందుర్తిలో మీకు చేనెక్కడిదని అడగలేకపోయాను.

మొన్న నా పుట్టినరోజు. పోస్టులో కార్డొచ్చింది. "సాయిశంకర్‌కి జన్మదిన శుభాకాంక్షలు. నిండు నూరేళ్ళు ఆరోగ్యంగా వర్ధిల్లాలి. మీ గురునాథరావు." నా పేరు హాస్టల్ కవరు మీద ఉన్నట్టే ఉంది, 'యి' దగ్గర కలం కొంచెం ఆగి సిరా ఒలికిన మచ్చతో సహా. దాన్ని చూడగానే ముందు సంతోషం వచ్చింది. మరుక్షణం ఆ సంతోషం పోయింది. అది మీరు పంపింది కాదేమో. జాబితాలో మొదటి పేరు నాదే కదా. క్రాన్‌కి మన మధ్య ఏం జరిగిందో తెలియదు.

ఆ కార్డు చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పాను. మీరు నా మీద కోపంతో మాట్లాడడం మానేశారు, మీ అక్షరం మాత్రం నన్ను నూరేళ్ళు బతకమంటోంది. పందిరి కింద చిట్టెమ్మ గారికి ఎలా ఉండి ఉంటుందో అప్పుడు కొంత అర్థమైంది. ఆవిడకైతే ఇంకెన్ని రెట్లో.

కొత్త ప్రోగ్రాం రాసి సీడీలో పెట్టి పంపుతున్నాను. ఇది ఎవరి పేరూ తనంతట తిరిగి పెట్టదు. ఏదైనా పేరు కనపడకపోతే, "ఈ పేరు మీరే తీశారా?" అని తెలుగులో అడుగుతుంది. మీరు అవునంటే ఇక ఎప్పుడూ అడగదు. అది ఏ వేళకి ఏం చేస్తుందో ప్రతి లైనూ తెలుగులో కాగితం మీద రాశాను. మీకు చెప్పకుండా ఆ మిషనులో ఇక ఏమీ ఉండదు.

వేస్తారో వెయ్యరో మీ ఇష్టం. ఒక్కటి మాత్రం చెప్పండి. ఆ కార్డు మీరు పంపారా, మిషను పంపిందా?

సాయిశంకర్

*

పెందుర్తి,
20 నవంబరు 2005

శంకరం,

అక్షరం వంకరగా ఉంటుంది, కూడబలుక్కుని చదువుకో. ఇది మిషను రాసింది కాదు.

నీ సెప్టెంబరు ఉత్తరం మీ అక్కకి వినిపించాను. "సెప్పకు" అన్నది తనే కాబట్టి ఆవిడ నీ కంటే ఎక్కువ ఏడ్చింది. తర్వాత లేచి వంటింట్లో డబ్బాల మీది కాగితాలన్నీ గీకి పారేసింది. ఉప్పు మీది కాగితం జిగురు ఇంకా వదల్లేదు. నాకైతే ముందు ప్రాణం లేచొచ్చింది. నా బుర్ర నాకు దక్కింది కదా అని. ఆ సంతోషం తీరాకే కోపం వచ్చింది. ప్రోగ్రాం తప్పు రాసినందుకు కాదురా. ఓడ మీద లెక్క తప్పడం ఎవరికి తెలియదు? నేను నా తండ్రిలా అయిపోతున్నానని రాస్తే, నీకు నిజం తెలిసి కూడా నన్ను అలాగే అనుకోనిచ్చావు. ఆ సెప్టెంబరు నెల నాకెవరు తిరిగిస్తారు?

అయితే నిన్ను తిట్టడానికి కలం తీసిన ప్రతిసారీ గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా భుజమే తడుముకున్నాను. చేత్తో రాస్తున్నానని అబ్బులుతో అబద్ధమాడింది నేను. వాడి విస్తరి ముందు ఇంకోటాడింది నేను. మీ అక్క దాచమంది, నువ్వు దాచావు, నేనూ దాచాను. తిలాపాపం తలా పిడికెడు.

అక్టోబరు సమావేశంలో లేచి నిలబడి అంతా చెప్పేశాను. అక్షరాలు పాతవని, అచ్చు మిషనుదని. సభ్యుల్లోంచి పోతమ్మ గారు లేచి, "అయితే ఇన్నాళ్ళూ మిసనుకేనా దండం ఎట్టుకున్నాను!" అంది. కొందరు నవ్వారు. ఇద్దరు నవ్వలేదు, లేచి వెళ్ళిపోయారు. వాళ్ళు ఇంకా నాతో మాట్లాడడం లేదు. శ్రీరామ్మూర్తి ముద్ర నా ఒళ్ళో పడేసి, "మీదే పట్టండి, నాకు దీనితో నిద్ర పట్టడం లేదు" అన్నాడు.

మర్నాడు మల్కాపురం వెళ్ళాను. సన్యాసిరాజు కుర్చీ వేసి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. చిట్టెమ్మకి నీ ఉత్తరం మొత్తం చదివాను. నకలు దాయడం, పోల్చడం, తిరిగి పెట్టడం, అన్నీ. ఆవిడకెంత అర్థమైందో తెలియదు. అంతా విని, "అయితే ఆరి పేరు ఇప్పుడు తీసీసినావా బాబూ?" అని అడిగింది. తీసేశానన్నాను. "ఇంక మల్లీ రాదా?" అంది. ఈసారి ఒట్టు వెయ్యలేదు. రాదని చెప్పాను. దానికి సంతోషిస్తుందనుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయింది. నేను బస్సు వేళ దాకా అక్కడే కూర్చున్నాను. వచ్చేటప్పుడు "కాఫీ తాగి ఎల్లు" అంది. జూలై తర్వాత ఆ ఇంట్లో నోట్లో ఏదైనా పడడం అదే మొదలు.

నీ కొత్త సీడీ వేశాను. అబ్బులు పేరు నేనే తీశానా అని అడిగింది. అవునని నొక్కడానికి కాస్త వేళ పట్టింది.

ముద్ర తిరిగొచ్చినప్పట్నుంచీ మిషను అచ్చువేశాక కట్ట విప్పుతున్నాం. నేను ఒక్కో పేరూ పైకి చదువుతాను, మీ అక్క 'ఊ' అంటుంది. ఊ అన్నాకే ఆ కార్డు పక్కకి పెడతాను. కట్టలు విప్పితే మిషనెందుకన్నావు కదా. రాయడానికి మిషను, చూడడానికి మేము.

నువ్వడిగిన దానికి జవాబు. కార్డు మిషనే వేసింది. పుట్టినరోజుకి నాలుగు రోజుల ముందు, పొద్దున ఏడింటికి. నేను చదువుతూ చదువుతూ "సాయిశంకర్" అన్నాను. మీ అక్క ఊ అనలేదు. నా మొహం కేసి చూసింది. "ఏటి, తీసీమంటావా?" అంది.

అప్పటికి నీ మీద కోపం తగ్గలేదు. ఇప్పుడూ పూర్తిగా తగ్గలేదు, నీతో అబద్ధమెందుకు. ఆ కార్డు తీసి పక్కన పడేస్తే అడిగేవాడు లేడు. చాలాసేపు చేతిలో పట్టుకున్నాను.

ఆ రోజు కార్డులు మీ అక్కకి ఇవ్వలేదు. నేనే పట్టుకెళ్ళి డబ్బాలో వేశాను.

నీ బావ,
గురునాథరావు